నడుం పైభాగం నాది

జూన్ 3

చెల్లీ,

ఇక్కడ అందరూ క్షేమం, నా ముక్కు తప్ప. ఫోన్‌లో చెబుదామంటే కోడలికి వినపడుతుంది, నీకు వినపడదు. నువ్వు చెవి మిషన్ బాగుచేయించుకునేదాకా మన ఇద్దరికీ ఈ ఉత్తరాలే గతి.

అరవై ఏడేళ్ళ వయసులో నాకు ఉద్యోగం వచ్చింది. నవ్వకు. కోడలు ముందుగదిలో ఊళ్ళో వాళ్ళ పిల్లల్ని చూసుకుంటుందని నీకు తెలుసు కదా. తల్లులు పొద్దున తెచ్చి వదిలి పనులకు వెళ్తారు, సాయంత్రం వచ్చి ఎత్తుకుపోతారు. మొత్తం ఏడుగురు. ఏడుగురుంటే ఇద్దరు పెద్దవాళ్ళు తప్పనిసరిగా ఉండాలని అనుమతి ఇచ్చిన ఆఫీసువాళ్ళ నిబంధన. ఇంతకాలం సాయానికి వచ్చిన అమ్మాయి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. కోడలు నన్ను అడగనైనా అడగకుండా కాగితంలో ‘సహాయకురాలు’ అన్నచోట నా పేరు రాసి ఇచ్చింది. అబ్బాయి లారీ ఎక్కితే మళ్ళీ వారానికి గానీ దిగడు. ఇల్లు నడిచేది ఆ ముందుగది వల్లే. కాదనలేకపోయాను.

పాలకేంద్రంలో నా పని ఏమిటో నీకు గుర్తుందిగా? క్యాన్ మూత తీసి ఒక్కసారి వాసన చూస్తే, పాలు పులుపు తిరిగాయో లేదో, క్యాన్ సరిగా కడిగారో లేదో చెప్పేదాన్ని. నేను వెనక్కి పంపిన పాలను మళ్ళీ లోపలికి తెచ్చిన మగాడు లేడు. ఆ ముక్కును తీసుకొచ్చి ఈ గదిలో కూర్చోబెట్టారు.

ఒక పిల్లాడున్నాడు, వాడికి నేను ‘కుళాయి’ అని పేరు పెట్టాను. వాడి ముక్కు ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. తుడిచిన చెయ్యి వెనక్కి తీసుకునేలోపల మళ్ళీ పెదవి మీదకు దిగుతుంది, వాడు నాలుక చాపి అందుకుంటాడు. ‘ముద్ద’ అని ఒక పిల్ల. పొద్దున పెట్టిన అరటిపండును బుగ్గలో దాచుకుని, మధ్యాహ్నం నేను ముచ్చటపడి దగ్గరకు తీసుకుంటే నా అరచేతిలో ఉమ్మేస్తుంది. వెచ్చగా. ఇంకొకడు ‘ఈల’. ఏడవడానికి ముందు ఈల వేస్తాడు, ఆ తర్వాత కక్కుతాడు. కార్పెట్ సంగతి చెప్పను. దానిమీద ఒలికిన పాలన్నీ కలిపి పిండితే ఒక పూట మా కేంద్రం నడిచేది.

అందుకని మొదటిరోజే కోడలితో ఒప్పందం చేసుకున్నాను. “నడుం పైభాగం నాది. ముక్కులు, మూతులు, చేతులు, తినిపించడం, గిన్నెలు, నేల, అన్నీ చేస్తాను. నడుం కిందిభాగం నీది. దాని జోలికి నేను రాను” అన్నాను. “సరే అత్తయ్యా, మీ ఇష్టం” అంది నవ్వుతూ. అంత తేలిగ్గా ఒప్పుకుందేమిటా అని కొంచెం అనుమానం కూడా వచ్చింది.

చేతులు కడుక్కోవాలి. ఉంటాను.

అక్క


జూన్ 12

అక్కా,

నీ ఉత్తరం చదివి మీ మరిదిగారూ నేనూ కడుపు చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. ‘కుళాయి’ గురించి ఆయనకు రెండుసార్లు చదివి వినిపించాల్సి వచ్చింది. “మీ అక్కగారికి ఆ దేవుడు ముక్కు ఇవ్వలేదు, ఒక ఆఫీసు ఇచ్చాడు” అన్నారు.

ఇక అసలు సంగతి. మా అమ్మాయికి బదిలీ అయింది. ఎక్కడికనుకున్నావు? మీ ఊరికే! వచ్చేవారం చేరాలి. అల్లుడు ఇంకో నాలుగు నెలల దాకా రాలేడు. పసివాడికి ఇంకా ఏడాదిన్నర నిండలేదు. వాణ్ణి ఎవరి దగ్గర వదలాలా అని అది కుమిలిపోతుంటే, నీ కోడలు తను చూసుకునే పిల్లల ఫోటోలు పంపింది. ఒక్కొక్కళ్ళూ ముత్యాల్లా ఉన్నారు! కిటికీ పక్కన నీలం చాప మీద కూర్చుని, ఒళ్ళో పళ్ళ గిన్నె పెట్టుకుని. నువ్వేమో ముక్కులంటావు, కక్కులంటావు. నాకైతే ఒక్క ముక్కూ కనపడలేదు.

పైగా నువ్వే అక్కడున్నావు. అంతకంటే ఏం కావాలి? “పెద్దమ్మ ఉంటే నాకు బెంగే లేదమ్మా” అంటోంది మా అమ్మాయి. నువ్వు సరే అన్నట్టే కదా?

నా మోకాలు అలాగే ఉంది. నీ మరిదిగారి గురక కూడా.

చెల్లెలు


జూన్ 18

చెల్లీ,

వద్దు. వాణ్ణి ఇక్కడ వేయవద్దు. ఎందుకో వరసగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

మొదట ఆ పళ్ళ గిన్నె సంగతి. అది ఒక్కటే గిన్నె. నీలం చాప కూడా ఒక్కటే. ఒక పిల్లాణ్ణి కూర్చోబెట్టడం, ఒళ్ళో గిన్నె పెట్టడం, ఫోటో తీయడం, వాడి చెయ్యి పండుదాకా చేరకముందే గిన్నె లాగేసి పక్కవాడి ఒళ్ళో పెట్టడం. నిన్న ‘కుళాయి’ అందులో తుమ్మాడు. ఫోటోలు ఆగలేదు. అయిపోయాక గిన్నె ఫ్రిజ్‌లోకి పోతుంది. మర్నాడు పైన ఒక కొత్త ఆపిల్ ముక్క పడుతుంది, కింద ముక్కలు నల్లబడుతూ ఉంటాయి. “ఇవి పిల్లలకు పెట్టవా?” అని అడిగితే “గొంతులో అడ్డం పడతాయత్తయ్యా, ఇవి చూడ్డానికే” అంది. పిల్లలకు పెట్టేది జావ. అదీ నేనే కాస్తాను కాబట్టి దానికి మాత్రం నేను పూచీ.

ముక్కులు తుడిచే తువ్వాలు ఒక్కటే ఉండేది. నేను వచ్చాక ఏడు చేశాను, రంగురంగుల దారంతో గుర్తులు కుట్టి. కోడలు ఉతికి అన్నీ ఒకే చోట కుక్కుతుంది. చెంచాలదీ అదే కథ. ‘ముద్ద’ నోట్లోంచి తీసిన చెంచా ‘ఈల’ నోట్లోకి వెళ్ళడం నా కళ్ళతో చూశాను, ఆ పూట నేను అన్నం తినలేదు. పొద్దున తల్లులు తొడిగి పంపిన బట్టలు విప్పి, మడతపెట్టి, పిల్లలకు ‘ఇంటి బట్టలు’ తొడుగుతుంది. వాటికి ఎన్ని మరకలున్నా ఎవరూ చూడరు. డైపర్లు మధ్యాహ్నం దాటాక ఒకసారి, సాయంత్రం తల్లులు వచ్చే వేళకు ఒకసారి మారుస్తుంది, అంతే. ఆ తర్వాత మొహాలు కడిగి, పౌడర్ అద్ది, పొద్దుటి బట్టలు మళ్ళీ తొడుగుతుంది. కార్పెట్ మీద చెప్పులతో నడుస్తుంది. దిండ్లకు గలీబులు లేవు. దువ్వెన కూడా ఒక్కటే. సింక్ కింద బకెట్‌లో ఏముందో రాయడానికి నా పెన్ను ఒప్పుకోవడం లేదు.

ఇక ముగిస్తాను. వాణ్ణి పంపకు.

అక్క


జూలై 1

అక్కా,

నీ ఉత్తరం చేరేసరికి మా వాడు చేరిపోయాడు. సోమవారం నుంచీ వెళ్తున్నాడు, నీకు తెలిసే ఉంటుంది, నీ ఒళ్ళోనే కదా దింపింది!

కోపం తెచ్చుకోనంటే ఒక మాట చెబుతాను. నీ ఉత్తరం మొదటి పేజీ అయ్యేసరికే నేను అలిసిపోయాను. తుమ్ములు, తువ్వాళ్ళు, చెంచాలు... మిగతాది మీ మరిదిగారికి ఇస్తే, “దువ్వెనదాకా వచ్చాను, ఇక నా వల్ల కాదు” అని మడిచి పెట్టేశారు. అక్కా, నా పెళ్ళిలో వంటవాళ్ళు కాచిన పాలు వాసన చూసి వెనక్కి పంపిందెవరు? మా అత్తగారు ఆ మాట చచ్చేదాకా ఎత్తిపొడుస్తూనే ఉంది. మా ఇంటికి వచ్చినప్పుడల్లా గ్లాసు ఎత్తి వెలుతురులో చూసి గానీ నీళ్ళు తాగవు. నీకు నచ్చే కోడలు ఎక్కడైనా ఉందా? ఉంటే ఆ పిల్ల ఇంకా పుట్టి ఉండదు.

మా అమ్మాయి సాయంత్రం వాణ్ణి ఎత్తుకుంటే ఒళ్ళంతా పౌడర్ వాసనేనట. మొన్న వాడి ఫోటో పంపింది. నీలం చాప, ఒళ్ళో పళ్ళు. నాకు కడుపు నిండిపోయింది.

రాత్రిళ్ళు మాత్రం సరిగా పడుకోవడం లేదట. కొత్త చోటు కదా. అలవాటవుతుంది.

నీ కోడలి మీది కోపం ఉత్తరంలో చూపించు, నేను చదువుతాను. పిల్లల ముందు చూపించకు.

చెల్లెలు


జూలై 20

చెల్లీ,

వాడు కొత్త చోటువల్ల ఏడవడం లేదు.

నేను ఆ ఉత్తరంలో దువ్వెననూ డైపర్‌నూ ఒకే గొంతుతో రాశాను. నాకు అన్నీ ఒకే కంపు కొడతాయి, అదే వచ్చిన చిక్కు. అందుకని ఈసారి ఒక్క విషయమే రాస్తాను. నువ్వు చదివి తీరాలి.

వాడు పొద్దున వచ్చిన డైపర్‌తోనే మధ్యాహ్నం దాటేదాకా ఉంటాడు. వాడొక్కడే కాదు, చిన్నవాళ్ళందరూ అంతే. అది బరువెక్కి మోకాళ్ళదాకా జారుతుంది. వాడు కాళ్ళు ఎడంగా పెట్టి నడుస్తుంటే ‘ఈల’ వాణ్ణి చూసి నవ్వుతాడు, వాడి నడకా అదేనని తెలియక. మార్చేటప్పుడు నేను ఇంతకాలం గది వదిలి వంటింట్లోకి పోయేదాన్ని. మొన్న వాడు కేక పెడితే తిరిగి చూశాను. తొడల మధ్య చర్మం పచ్చిగా లేచిపోయి ఉంది. కోడలు దానిమీద పౌడర్ చల్లుతోంది. మీ అమ్మాయి సాయంత్రం పీల్చి మురిసిపోయే పౌడర్ అదే. ఇంటికి వెళ్ళాక స్నానం చేయిస్తే చూడదా అంటావేమో. చూసింది. “వదినా, వాడికి ఎర్రగా కందింది” అంటే, “పళ్ళొచ్చేటప్పుడు అందరికీ అంతేనమ్మా” అంది ఈవిడ. ఆ పిచ్చిది నమ్మింది.

ఆ రాత్రి కోడల్ని అడిగాను.

“పొద్దున వచ్చినవాడికి అప్పటిదాకా ఎందుకు మార్చలేదు?”

“అవి అంతసేపూ పీల్చుకునేలాగే తయారుచేస్తారత్తయ్యా.”

“పీల్చుకుంటే, మరి ఆ వాసన ఎక్కడికి పోతోంది?”

“మీ ముక్కులోకి. ఇంకెవరికీ రావడం లేదు.”

“ఒళ్ళు లేచిపోయింది. అది కూడా నా కంటికేనా?”

అప్పుడు కూర్చుంది. అలిసిన మొహం. “నేనొకతెను, మీ చెల్లెలి మనవడితో కలిపి వాళ్ళు ఎనిమిదిమంది. ఒకణ్ణి పడుకోబెట్టి మారుస్తుంటే ఇంకొకడు కిటికీ ఎక్కుతాడు. నాకున్నవి రెండు చేతులు. మీకూ రెండున్నాయి గానీ, అవి నడుం దగ్గర ఆగిపోతాయి. వెళ్ళిపోయిన అమ్మాయి ఉన్నప్పుడు రోజంతా మార్చేవాళ్ళం. ఆఫీసువాళ్ళకు ఇద్దరం. గదిలో మాత్రం ఒకటిన్నర మనుషులం” అంది.

చెల్లీ, అంతటి మాట నన్ను ఎవరూ అనలేదు, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మర్నాడు తువ్వాలు ముక్కుకు చుట్టుకుని మీ వాడి దగ్గర కూర్చున్నాను. ఒక పక్క టేపు లాగానో లేదో, లోపలిది చూసి సింక్ దగ్గరకు పరుగెత్తాను. కోడలు వచ్చి మార్చింది. ఆ చేత్తోనే నా వీపు కూడా నిమిరింది. అది ఇంకా అసహ్యం.

మీ అమ్మాయికి చెబుదామంటే సాయంత్రం కోడలు పక్కనే ఉంటుంది. నువ్వు చెప్పు. నువ్వు చెప్పకపోతే నేనే ఏదో ఒకటి చూసుకుంటాను.

అక్క


జూలై 29

అక్కా,

నువ్వు ‘చూసుకుంటాను’ అంటే, పోనీలే, ఇన్నాళ్ళకు మనసు కరిగింది, వాణ్ణి తనే చూసుకుంటానంటోంది అనుకున్నాను. ఆ మాట నమ్మి అమ్మాయికి ఫోన్ కూడా చేయలేదు. చూసుకోవడమంటే ఇదా?

మా అమ్మాయి వెక్కి వెక్కి ఏడుస్తూ ఫోన్ చేసింది. నాకు సగం వినపడలేదు, మీ మరిదిగారు అందుకుని చెప్పారు. సాయంత్రం అది తలుపు దగ్గరకు వచ్చేసరికి నువ్వు వాణ్ణి మరకల బట్టల్లో, మోకాళ్ళదాకా జారిన డైపర్‌తో, నీళ్ళు కారుతుండగా తెచ్చి చేతిలో పెట్టావట. ఒక్క మాట లేదు, నవ్వు లేదు. అది అక్కడే వాకిట్లో విప్పి చూస్తే రక్తం చెమ్మ. వెనక నిలబడ్డ తల్లులందరూ చూశారు. నీ కోడలు పరుగెత్తుకొచ్చి, “క్షమించండమ్మా, ఈ పూట అత్తయ్యకు అప్పజెప్పాను. వయసు మీద పడింది, మర్చిపోతున్నారు” అని కన్నీళ్ళు పెట్టుకుందట. నువ్వు గోడలా నిలబడ్డావట. కాదని అనలేదు, అవునని అనలేదు.

అంత పసివాడు! సొంత చెల్లెలి మనవడు! వేరే చోట ఎక్కడా ఖాళీ లేదు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ క్షణమే మాన్పించేది. “పెద్దమ్మ చెయ్యి వాడి మీద పడకూడదు” అని ఏడుస్తోంది.

పాలకేంద్రంలో అందరికీ పేర్లు పెట్టావు. పెళ్ళిలో మా పరువు తీశావు. అదంతా నీ తీరులే అని సర్దుకున్నాను. ఇప్పుడు నీ గురించి తలచుకుంటే నాకు అసహ్యం వేస్తోంది అక్కా. జీవితంలో మొదటిసారి ఆ మాట నేను వాడాను.

ఇంకేం రాయను.


ఆగస్టు 9

చెల్లీ,

నువ్వు సంతకం పెట్టలేదు. అయినా దస్తూరి గుర్తుపట్టాను.

నువ్వు విన్నదంతా జరిగింది. వాణ్ణి అలా తెచ్చి ఇచ్చింది నేనే, కావాలనే. ఆ రోజు సాయంత్రపు ముస్తాబు మొదలయ్యేసరికి వాణ్ణి ఎత్తుకుని వంటింట్లో కూర్చుని గడియ పెట్టుకున్నాను. వాడు తడిసి నా ఒళ్ళంతా తడిపాడు. నా జన్మలో అంతసేపు ఆ వాసనలో కూర్చోలేదు. వాడు మాత్రం నా కళ్ళజోడుతో ఆడుకున్నాడు. మీ అమ్మాయి గొంతు వినపడగానే తలుపు తీసుకుని వెళ్ళి చేతిలో పెట్టాను. ఉత్తరాలు రాస్తే అలిసిపోతారు, నోటితో చెబితే నా తీరు అంటారు. చేతిలో పెడితే ఏమీ అనలేరు కదా అని.

కోడలు ‘మర్చిపోతున్నారు’ అన్నప్పుడు నోరు తెరిచాను కూడా. అప్పుడే వెనక ‘ముద్ద’ తల్లి తన కూతుర్ని పక్కకు తీసుకెళ్ళి గౌను ఎత్తి చూసుకోవడం కనపడింది. ఆమె వెనక ఇంకొకామె. వాకిలి నిండా తల్లులు పిల్లల్ని తిరగేసి చూసుకుంటున్నారు, మధ్యమధ్య నావైపు కక్కొచ్చినట్టు చూస్తున్నారు. ఈ ముందుగది మొదలైన రెండేళ్ళలో ఒక్కరూ చేయని పని అది. నోరు మూసుకున్నాను.

వాళ్ళు వెళ్ళాక కోడలు నా గదిలోకి వచ్చింది. నిలబడే ఉంది.

“నేనన్నది అబద్ధమని ఎందుకు చెప్పలేదు?”

“సగమే అబద్ధం. నేను మర్చిపోలేదు, ముట్టుకోలేదు. వాళ్ళకు ఆ రెంటికీ తేడా ఏముంటుంది?”

“చెబితే అందరూ మాన్పించేసేవాళ్ళు.”

“మాన్పించి ఎక్కడ వేస్తారు? ఇలాంటిదే ఇంకో గదిలో. అక్కడా సాయంత్రానికి పౌడర్ సిద్ధంగా ఉంటుంది.”

నా పక్కన మంచం మీద కూర్చుంది. తర్వాత, “రేపటినుంచి మీకు నేర్పనా?” అని అడిగింది. నేర్పమన్నాను. నేర్పింది. కాళ్ళు రెండూ ఒక చేత్తో ఎలా ఎత్తి పట్టుకోవాలో, ముందు నుంచి వెనక్కి ఎలా తుడవాలో. ఇప్పుడు వాళ్ళు తడిసిన ప్రతిసారీ ఇద్దరం మారుస్తున్నాం. మీ వాడికి మాత్రం కోడలే మారుస్తుంది, మీ అమ్మాయి మాట మీద. నాకు అసహ్యం రవ్వంత కూడా తగ్గలేదు. ‘ఈల’ది విప్పినప్పుడల్లా కళ్ళవెంట నీళ్ళు కారతాయి. పూర్తయ్యాక పెరట్లోకి వెళ్ళి కాసేపు గాలి పీల్చుకుని వస్తాను. పసిపిల్లలది గంగాజలంలా ఉంటుందని చెప్పేవాళ్ళెవరో నాకు ఒకసారి కనపడాలి.

మీ వాడి తొడలు మానాయి. కొత్త చర్మం లేతగా వచ్చింది.

ఇది చదివాక నీ కోపం కొంత తగ్గుతుందని తెలుసు. వెంటనే మీ అమ్మాయికి ఫోన్ చేసి ‘పెద్దమ్మను అపార్థం చేసుకున్నాం’ అని చెప్పబోతావని కూడా తెలుసు. చెప్పకు. ఈ ఉత్తరం మరిదిగారికి కూడా ఇవ్వకు, ఆయన కడుపులో మాట నిలవదు.

ఎందుకంటే తల్లులు ఇప్పుడు వేళకాని వేళ వస్తున్నారు. ‘ఇటుగా వెళ్తూ’ అంటారు, ‘గొడుగు మర్చిపోయాను’ అంటారు. తలుపు తీసుకుని సరాసరి గదిలోకి వచ్చి, నన్ను దాటుకుని వెళ్ళి, పిల్లల్ని ఎత్తి చూసుకుంటారు. ముసలిదానిమీద నమ్మకం లేక వస్తున్నారు. వాళ్ళు ఏ క్షణంలో వస్తారో తెలియక కోడలూ నేనూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేస్తున్నాం. నిన్న మీ అమ్మాయి మధ్యాహ్నం వచ్చింది. నేనున్నవైపు చూడకుండా వాణ్ణి ఎత్తుకుంది, విప్పి చూసింది, మళ్ళీ తొడిగింది, వెళ్ళిపోయింది. వాడు నాకు చెయ్యి ఊపబోతే ఆ చెయ్యి పట్టుకుని కిందకు దించింది.

నాతో మాట్లాడమని దాన్ని బతిమాలకు. మాట్లాడితే నమ్ముతుంది. నమ్మితే రావడం మానేస్తుంది.

నీ అక్క